మామయ్య వేసిన పైసలు... మా బాపు అనుమానం

మా చిన్నప్పుడు... కాటారం నుంచి సమ్మయ్య మామయ్య వచ్చాడంటే అమ్మ ముఖం వెలిగిపోయేది. బాపు ముఖం మాత్రం ముడుచుకుపోయేది.

మామయ్య అమ్మకు సొంత తమ్ముడు, బడిపంతులు. భూపాలపల్లిలో ఒక బస్సు, వరంగల్‌లో ఇంకో బస్సు మారి మహబూబాబాద్‌లో మా కిరాణా దుకాణం ముందుకు వచ్చేవాడు. చేతిసంచిలో నాకోసం తునికి పండ్లు ఉండేవి.

నాకు ఆరేళ్ళప్పుడు ఒకసారి ఆ పండ్లు నా ఒళ్ళో పోసి, బాపు వైపు తిరిగాడు.

"బావా, పోస్టాఫీసుల బిడ్డ పేరు మీద పి.పి.ఎఫ్. ఖాతా తెరువు. తండ్రివి కాబట్టి సంతకం నువ్వే పెట్టాలె. ఏడాదికింత నేనేస్త. రేపు కాలేజీకి పనికొస్తది."

కందిపప్పు జోకుతున్న బాపు చెయ్యి ఆగిపోయింది.

"గిది పన్ను తప్పించుకునే ఎత్తా ఏంది?"

"నా కొడుకు పేరు మీదేస్తే నాకు పన్ను తగ్గుతది. మేనకోడలి పేరు మీదేస్తే పైసా తగ్గది బావా. వడ్డీ మీద పన్ను పడది గని, ఆ లాభం బిడ్డదే."

ఈ మాటతో బాపు కుదుటపడాలి కదా... ఇంకా బిగుసుకుపోయాడు! తనకు లాభం లేకుండా పైసలు పెట్టే మనిషిని ఆయన ఆ దుకాణంలో కూర్చుని ఎన్నడూ చూడలేదు మరి.

"ఎన్నేండ్లకు?"

"పదిహేనేండ్లు. నడుమ చదువుకు కొంత తీసుకోవచ్చు."

మామయ్య బస్సెక్కాడో లేదో, బాపు అమ్మను పట్టుకున్నాడు. "పదిహేనేండ్లకు పిల్ల పెండ్లీడుకొస్తది. మీ తమ్మునికేమో కొడుకున్నడు. ఇంక సమజ్ కాలేదా నీకు?"

అమ్మ, "ముందుగాల సంతకం పెట్టు" అంది. పెట్టాడు లెండి... ఊరికే వచ్చే డబ్బు వద్దనడం కూడా ఆయన వల్ల కాలేదు.

అప్పటి నుంచి మామయ్య గౌను తెస్తే అనుమానం. కొడుకు రాజును వెంటబెట్టుకొస్తే మరీ అనుమానం. మా ఇద్దరికీ అమ్మ పక్కపక్కన కంచాలు పెడితే బాపు వచ్చి మధ్యలో కూర్చునేవాడు. రాజుగాడి కన్ను నా మీద కాదు, నా తునికి పండ్ల మీద ఉండేది!

ఇంటర్ అయ్యాక నాకు ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఆ ఏడాది దుకాణం అంతంతమాత్రం. ఖాతాలోంచి తీస్తే తప్ప నా చదువు ముందుకు సాగదు. బాపు ససేమిరా అన్నాడు. "గా పైసలు ముట్టుకుంటే పిల్లనిస్తమని మాటిచ్చినట్టే" అన్నాడు. ఫీజు గడువు దగ్గరపడుతోంది... నేను అన్నం మానేసి ఏడుస్తూ కూర్చున్నాను.

అమ్మ ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి ఫోన్ చేసింది. మర్నాడే మామయ్య దిగాడు. "ఇగ అడుగుతడు, సూడు" అని బాపు అమ్మతో గొణిగాడు.

మామయ్య చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"బావా, నన్ను హైస్కూలుకు పంపుడు కోసం అక్కను ఏడో తరగతిలనే మాన్పించి కూలికి తోలిండ్రు. అక్క కష్టంతోనే నేను పంతులునైన. నాకు పిల్లను ఇయ్యొద్దు, ఏమియ్యొద్దు. బిడ్డను సదివియ్యి, సాలు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ సంగతి ఆమె మాకెవ్వరికీ ఏనాడూ చెప్పలేదు. బాపు లేచి చెప్పులేసుకున్నాడు. "పా బామ్మర్దీ, పోస్టాఫీసు మూస్తరు" అన్నాడు.

అలా చదువుకున్నాను నేను...

ఇప్పుడు జనగామలో మా తమ్ముడు తన కూతురికి సుకన్య సమృద్ధి ఖాతా తెరిచాడు. అందులో కట్టడానికి నెలనెలా నేను కొంత పంపుతాను. నాకు పన్నులో తగ్గేదేమీ లేదు. మొన్న మా మరదలు నవ్వుతూనే అడిగింది, "వదినె, ఏమనుకోకు... మీ చిన్నోని కోసమా?"

నేనూ నవ్వేశాను గానీ, లోపల చురుక్కుమంది. మామయ్య ఇది పదకొండేళ్ళు ఎలా భరించాడో... అడుగుదామంటే ఇప్పుడు మామయ్య లేడు.

అప్పుడు బస్సులు మారి వచ్చిన డబ్బు ఇప్పుడు ఫోన్‌లో వేలు పెడితే వెళ్తోంది. దాని వెనక ఏముందో అని చూసే ఆ చూపు మాత్రం అలాగే ఉంది.

మీ చదువు కోసం ఇలా దాచినవాళ్ళు ఉంటే వాళ్ళ గురించి ఇక్కడ రాయండి... వాళ్ళు ఇంకా ఉంటే మాత్రం, ముందు వాళ్ళకు ఫోన్ చేసి ఆ తర్వాత రాయండి.