అమ్మ కొంగులో బెల్లం ముక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకొక కొలువు ఉండేది: అమ్మ మీద నిఘా. దమ్మపేట అవతల, అడవి అంచున మా ఊరు. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఆ ఏడు అమ్మకు షుగర్ ఉందని దవాఖానాలో చెప్పి గోలీలిచ్చారు. బీడీలకు తునికాకు కోసి బతికే మనిషికి షుగరేమిటని మా నాయనమ్మకు ఎంతకీ మింగుడు పడలేదు. "చాటుగ తీపి తింటాంది. లేకుంటే గీ వయసుల షుగరేంది? ఓ కన్నేసి ఉంచు బిడ్డా" అన్నది నాతో. సిగ్గులేనిదాన్ని, ఆ పని దొరికినందుకు తెగ మురిసిపోయాను.

ఎండాకాలం సెలవులు. తెల్లారుజామున అడవికి పోయి కోసుకొచ్చిన ఆకును, అప్పజెప్పే కల్లం దగ్గరే పందిరి కింద కూర్చుని ఆడవాళ్లంతా కట్టలు కట్టేవారు. ఆ రోజు అమ్మ నీళ్లకు లేచినప్పుడు కొంగు చివర ముడి కనబడింది. లాగి విప్పాను. నిమ్మకాయంత బెల్లం ముక్క! "దొంగ దొరికింది! షుగరున్న మనిషి బెల్లం మూటగట్టుకొచ్చింది, చూడుండ్రి!" అని కల్లమంతా వినబడేలా అరిచాను. ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వులకు ఇంకా రెచ్చిపోయి ముక్కను కుక్కకు విసిరేశాను.  అమ్మ ముఖం నల్లబడిపోయింది, కొంగు దోపుకుని మళ్లీ ఆకు ముందు కూర్చుంది. ఇంటికెళ్లాక నాయనమ్మ నన్ను మెచ్చుకుని ఉడకబెట్టిన గుడ్డు పెట్టింది. తిన్నాను కూడా.

మర్నాడు అమ్మ ఉత్త కొంగుతో వచ్చింది. ఆకు పని తెమలక అంబలి కూడా తాగలేదు. ఎండ నెత్తికెక్కే వేళకు ఆమె చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఏదో అడిగితే ఏదో చెప్పి పక్కకు ఒరిగిపోయింది. పక్కింటి అక్కే మా ఊరికి నర్సమ్మ. పిలిస్తే పరుగున వచ్చి, ముందుగా అమ్మ కొంగు తడిమింది. "బెల్లమేదే? గోలి ఏసుకున్నంక తిండి ఆలస్యమైతే షుగర్ మరీ పడిపోతది, దగ్గరుంచుకొమ్మని నేనే చెప్పిన గదా!"

  ఎవరో బెల్లం తెస్తే నీళ్లలో కలిపి అక్క గుక్క గుక్కగా తాగించింది. అమ్మ తేరుకుని నన్ను పేరుపెట్టి పిలిచేదాకా, ఆమె చచ్చిపోతుందనే అనుకున్నాను, నేనే చంపాననుకున్నాను.

సాయంత్రం అక్క మా అరుగు మీద కూర్చుని నన్నొక లెక్క అడిగింది. అమ్మకెన్నేళ్లు? ఇరవై తొమ్మిది. నాకు? పద్నాలుగు. తీసెయ్యమంది. పదిహేను. "అవ్. నిన్ను కన్ననాడు ఇప్పటి నీకంటె ఒక్క ఏడు పెద్దది, గంతే" అంది. నేనింకా ఏడు పెంకులాట ఆడుతున్నదాన్ని. ఒళ్లు ఎదిగే వయసులోనే కాన్పయిన ఆడవాళ్లకు తర్వాత షుగర్, బీపీ తొందరగా వచ్చే అవకాశం ఎక్కువని, అందరికీ రాదని, అమ్మకు అందుకే వచ్చిందని గట్టిగా చెప్పలేకపోయినా, తీపి తిన్నదని ఆడిపోసుకోవడం మాత్రం తప్పని నింపాదిగా చెప్పింది. "అయితే నేను పుట్టబట్టేనా?" అని బావురుమన్నాను. "నీదేం తప్పే పిచ్చిదానా? పెండ్లి జేసినోళ్లు పెద్దోళ్లు" అంది. లోపల బియ్యం చెరుగుతున్న నాయనమ్మ చేట చప్పుడు ఆగిపోయింది. పదో తరగతి కాగానే నాకో సంబంధం వస్తే, వద్దని అందరికంటే ముందు అన్నది ఆవిడే.

ఇప్పుడు నేను టీచర్‌ని. చిన్నతనంలో పెళ్లికి తలూపొద్దని ఆడపిల్లలకు చెప్పేటప్పుడు ఈ సంగతే చెబుతాను. అమ్మ పడిపోవడం చెబుతాను, అక్క వేయించిన లెక్క చెబుతాను. ముందురోజు నేను చేసిన ఘనకార్యం మాత్రం ఎప్పుడూ మింగేస్తాను. ఒకసారి ఇంటికొచ్చిన పిల్లలకు చెబుతుంటే అమ్మ పక్కనే ఉంది. "మరి ఆ రోజు బెల్లం ఎందుకు తీస్కపోలేదు అమ్మమ్మా?" అని ఒక పిల్ల అడిగింది. 

"నేనే మరిసిపోయిన బిడ్డా" అంది అమ్మ.

నేను అప్పుడూ నోరు విప్పలేదు.