వాల్వు తిప్పిన 'అతడు'

అద్దకం మిల్లు ఆఫీసులో టైపిస్టుగా పనిచేసిన ఆమెను అందరూ గ్రామరక్కయ్య అనేవారు. ఇంగ్లీషు ఉత్తరంలో 'షి' ఉండాల్సిన చోట 'హర్' పడిందంటే ఆ కాగితం ఆమె బల్ల దాటేది కాదు. ఇంగ్లీషువాళ్లకైనా ఇంత పట్టింపు ఉండదని గుమాస్తాలు ఆటపట్టిస్తే, తప్పు రాస్తే నాకు ముద్ద దిగదని నవ్వేసేది.

ఒక మధ్యాహ్నం ఎవరో ఆవిరి వాల్వు తిప్పడంతో రంగు తొట్టి కడుగుతున్న కూలీ మీదికి ఆవిరి ఎగదన్నింది. మూడో రోజుకి అతను పోయాడు. విచారణలో సాక్ష్యం చెప్పడానికి ముందుకొచ్చింది ఊడ్చే మనిషి ఒక్కతే.

"సూపర్‌వైజరు గారు పరిగెత్తుకొచ్చి, వాల్వు తనే తిప్పానని మెకానిక్కుతో అన్నారమ్మా. నా చెవులారా విన్నాను."

టైపిస్టు అక్కడికక్కడే దాన్ని ఇంగ్లీషులో పెట్టింది. వాల్వు తిప్పింది మగమనిషి, ఒక్కడు, ఆ పని చేసినవాడు. అందుకని 'హి' అని రాసింది. 'హిమ్' కాదు, 'హిజ్' కాదు. ఏ పంతులూ ఎర్రసిరా పెట్టలేని వాక్యం. ఊడ్చే మనిషి దాని కింద వేలిముద్ర వేసి వెళ్లిపోయింది.

నెల తిరిగాక తుది ఉత్తర్వు టైపుకు వచ్చింది. అందులో ఆమె వాక్యమే ఉంది. 'హి' అంటే మెకానిక్కని పైవాళ్లు తీసుకున్నారు. అతను ఎంత మొత్తుకున్నా సూపర్‌వైజరు నోరు విప్పలేదు. మెకానిక్కు ఉద్యోగం ఊడింది. తెలుగులో 'తనే తిప్పానని' అంటే చెప్పినవాడేనని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. ఇంగ్లీషు 'హి' మాత్రం సూపర్‌వైజరు, మెకానిక్కు ఇద్దరిలో ఎవరి మీదైనా వాలుతుంది. ఉత్తర్వు చదువుతుంటేనే ఆమెకు ఇది తట్టింది. మేనేజరుకు చెబితే, గ్రామరు సరిగ్గానే ఉందిగా, ఇంకెందుకు కెలకడం అన్నాడు. ఆమె భయపడి ఊరుకుంది. ఆ ఉత్తర్వు తన చేతులతోనే టైపు చేసింది.

ఇక ఆ మాట ఆమెను వదల్లేదు. 'హి' కొట్టాల్సి వచ్చినప్పుడల్లా వేళ్లు ఆగిపోయేవి. ఆ రెండక్షరాల వెనక ఎవరో అటు తిరిగి నిలబడ్డట్టు ఉండేది. ఇంట్లో చెల్లెలు "అతను వచ్చి వెళ్లాడక్కా" అంటే చాలు, ఎవరో చెప్పమని పట్టుకుని ఊపేసేది.

తొమ్మిదేళ్లకు, రిటైరైన నెలలోనే, మెకానిక్కు కోసం వాకబు చేసుకుంటూ వెళ్లింది. అతను ఒక పంపుల రిపేరు దుకాణంలో ఉన్నాడు. ఆమె నిలబడే అంతా చెప్పింది. అతను చేతిలో పాన పక్కన పెట్టాడు.

"అప్పుడే చెప్పాల్సింది అక్కయ్యా. మొదట్లో నేను కాదని నాకు తెలుసు. అంతమంది అన్నాక నాకే అనుమానం పట్టుకుంది. ఇప్పుడు కలలో ఆ వాల్వు తిప్పేది నా చెయ్యే."

"మీరు కాదు. సూపర్‌వైజరు. ఈసారి అలాగే రాస్తాను."

ఊడ్చే మనిషిని వెతికి పట్టుకుని, మళ్లీ సాక్ష్యం రాయించింది. 'హి' ఉండాల్సిన చోట 'సూపర్‌వైజరు' అనే టైపు చేసింది. ఒకే వాక్యంలో రెండుసార్లు పడి వికారంగా కనబడినా పట్టించుకోలేదు. ఎనిమిది నెలలు తిరిగితే మిల్లు పాత ఉత్తర్వును కొట్టేసి, మెకానిక్కు తప్పు లేదని ఉత్తరం ఇచ్చింది.

ఆమె దాన్ని దుకాణానికి తీసుకెళ్లి, తెలుగులో చదివి చెప్పింది. ఇంకోసారి చదవమన్నాడు. చదివింది. మళ్లీ అడిగాడు.

ఆనాటి నుంచి వారానికోసారి వెళ్లి, అతను అడిగినా అడగకపోయినా ఆ ఉత్తరం చదివి వినిపిస్తుంది. ఒక్కోసారి తలూపుతాడు. ఒక్కోసారి వింటూ వింటూనే కుడిచెయ్యి ఒళ్లో దాచుకుంటాడు.