ఎవరూ వాడని భాషలో మా బాయిలర్ వంతులు

ఒకరోజు తెల్లారేసరికి ఆర్మూరులో మా ఇంటి ముందు పచ్చి పసుపు లోడు ట్రాక్టర్లు బారులు తీరడంతో బస్సుకు కూడా దారి లేకుండా పోయింది. ఆ ఘనత నాదే. పసుపు నేను పండించలేదు, ట్రాక్టర్ నడపడం నాకు రాదు. నేను చేసిందల్లా కూర్చుని ఆలోచించడం. అదే కొంప ముంచింది.

మా బాపుకు పచ్చి పసుపు ఉడకబెట్టే బాయిలర్ ఉంది. తవ్విన కొమ్ములు కుప్పలో పాడవకముందే ఉడకాలి కాబట్టి, సీజన్‌లో రైతులంతా ఒకేసారి బాపు ఫోన్ మీద పడతారు. నేను అప్పుడే ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పుకుంటూ ఇంట్లో తింటున్నాను. ఎవరి వంతు ఎప్పుడో దానంతట అదే మెసేజ్ పంపే సాఫ్ట్‌వేర్ చేసిపెడతానన్నాను. బాపు మురిసిపోయి ఆ మాట వేల్పూర్ నుంచి మోర్తాడ్ దాకా చాటాడు.

ఇక ఏ ప్రోగ్రామింగ్ భాషలో రాయాలి? నాతో చదువుకున్న షబానా పక్క వీధిలోనే ఉంటుంది. వెళ్ళి అడిగితే పైథాన్‌లో రాయమంది, అందరూ అదే రాస్తున్నారంది. ఆ ‘అందరూ’ అన్న మాట నాకు నచ్చలేదు. ఇంటికొచ్చి, అందరూ చేసేదే మనమూ చేయాలా అని బాపును అడిగాను.

“అందరు పసుపేసిన యేడు ఏమైంది బిడ్డా? మార్కెట్ల అడిగెటోడే లేకపాయె. మంది ఏసింది మనం ఎయ్యొద్దు” అన్నాడు.

చూశారా, ఎంత గొప్ప మాటో! వెంటనే ప్రోగ్రామింగ్ భాషల ఆదరణ పట్టిక తెరిచి, కింది నుంచి చదవడం మొదలుపెట్టాను. అట్టడుగున ఉన్నదాన్ని ఎంచుకున్నాను. దాని పేరు చెప్పను, వాడేవాళ్ళు నొచ్చుకుంటారు. ఉంటే.

మెసేజ్‌లు పంపే భాగాన్ని పైథాన్‌లో ఎవరో ఎప్పుడో రాసి, అందరికీ ఉచితంగా పెట్టారు. నా భాషలో అలాంటిది లేదు. నేనే రాశాను, మీసం ఉంటే మెలేసేదాన్ని కూడా. ఆ సాయంత్రమే పేరు రాయించుకున్న ప్రతి రైతుకూ మెసేజ్ వెళ్ళింది: రేపు పొద్దున మొదటి వంతు మీదే.

అలా వచ్చాయి ట్రాక్టర్లు. వేల్పూర్ పెద్దాయన తన ఫోన్ చూపించాడు. మోర్తాడ్ ఆయన తనది చూపించాడు. బాపు అందరి ఫోన్లూ ఓపిగ్గా చూసి, నా వైపు తిరిగాడు.

“బిడ్డా, మొదటి వంతు ఎంతమందికొస్తది?”

ఇంజనీరింగ్‌లో ఈ ప్రశ్న రాలేదు. లోపలికి పరుగెత్తి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తప్పు నాదా, భాషదా, ఫోన్లదా? ఇంటర్నెట్‌లో ప్రశ్న పెట్టాను, జవాబు లేదు. కాసేపటికి మాటలు మార్చి వెతికితే అచ్చం నా సమస్యే ఒకచోట కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. తెరిచి చూస్తే అది నేను పెట్టిన ప్రశ్నే. కింద ఒకే ఒక్క మహానుభావుడు రాశాడు: “నాకూ ఇదే సమస్య. తెలిస్తే చెప్పండి.”

బయట ఎండ ఎక్కుతోంది. ధర్పల్లిలో ఇంకో బాయిలర్ ఉందట, అటు పోదామని ఎవరో అంటున్నారు. వాళ్ళు కదిలితే బాపు సీజన్ పోయినట్టే, మాట కూడా పోయినట్టే. నాకు ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుంటూ షబానాకు ఫోన్ చేశాను.

ఎవరు ముందు తవ్వారో అడిగి బాపు నోటితోనే వరుస కట్టి బాయిలర్ నడిపిస్తుంటే, షబానా సాయంత్రానికల్లా మొత్తం పైథాన్‌లో మళ్ళీ రాసేసింది. సగం ఇతరులు రాసిపెట్టిందే, చిక్కు వచ్చినచోటల్లా జవాబు సిద్ధంగా ఉంది. మర్నాటి వంతులు సరిగ్గా వెళ్ళాయి. అప్పుడు నేను బాపు చెప్పిన పంట సూత్రం ఆమెకు వివరించాను.

“పంటంటె అమ్ముకునేది. గిది పనిముట్టు గదనే” అంది షబానా. “ఖరాబైతె బాగుజేసెటోడు దొరకాలె. గీ పైథాన్ మస్తు మందికొస్తది, ఎవర్నడిగినా చెప్తరు.”

బాపు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“గంతమందికొస్తదా?” అన్నాడు. “మరి గీ పని నీకెందుకు అప్పజెప్పిన బిడ్డా?”

ఆ రోజే పచ్చి పసుపు కొమ్ము చేత్తో పట్టుకుని ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ భాషలోనైనా ఒక్క అక్షరం రాసేముందు, దాన్ని వాడుతూ రోజూ తిట్టుకునేవాళ్ళు లోకంలో వేలమంది ఉన్నారని రూఢి చేసుకుంటాను. తిట్టేవాళ్ళే లేని భాష జోలికి చచ్చినా పోను.