గుంజకు, జరుపు

మా హెడ్ మేడమ్ పోయిందన్న కబురు మేనేజర్ చెప్పాడు. ఇక్కడ గల్ఫ్‌లో, మబేలాలోని మా క్లినిక్‌లో ఫిజియోథెరపీ గది తలుపు సగం తెరిచి, తల మాత్రం లోపల పెట్టి, సెలవు మీద కరీంనగర్ వెళ్లిన మనిషికి అక్కడే గుండెపోటు వచ్చిందని హిందీలో అన్నాడు. అదే గొంతుతో, సాయంత్రం సంతాప సభ పెడుతున్నాం, నువ్వు ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నావు కాబట్టి రెండు మంచి మాటలు రాసిపెట్టు అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఆయన మీదా, ఆవిడ మీదా.

చదివేవాళ్లు నన్ను ఏమైనా అనుకోండి. ఆవిడ బతికుండగా నాతో ఒక్క తీపి మాట మాట్లాడలేదు, పోయిందని నేనిప్పుడు లేనివి కల్పించి రాయలేను.

ఇక్కడ గోను తుపాను వచ్చి వెళ్లిన మరుసటి ఏడాది నేను రాజమండ్రి నుంచి వచ్చి ఆవిడ కింద చేరాను. నా పేరు అడిగి, అది పలకడానికి బద్ధకమన్నట్టు ‘పిల్లా’ అని ఖాయం చేసింది. రోగుల్ని మాత్రం ‘బిడ్డా’ అనేది. మధ్యాహ్నం అన్నంలోకి పచ్చి ఉల్లిపాయ కొరికి, ఆ నోటితోనే నా మొహం మీదికి వంగి తప్పులు చెప్పేది. ఏసీ గదిలో రోగిని ముట్టుకునే ముందు అరచేతులు రెండూ టీ గ్లాసుకి చుట్టి వెచ్చబెట్టుకునేది. నా దగ్గర ఆ మర్యాద లేదు. చల్లటి చేతుల్తోనే లాగి బల్ల మీద కూలేసేది.

ఆ గదిలో ‘నరం’ అనే మాట ఊరికే వాడకూడదు. మనకి ఇంజెక్షన్ ఇచ్చేదీ నరమే, కోపమొస్తే కణత మీద ఉబికేదీ నరమే, నడుస్తుంటే పిక్కలో పట్టేసేదీ నరమే. రోగి అలా అంటే తలూపి ఊరుకునేది, ఆ మాట నేను తిరిగి అంటే మాత్రం విరుచుకుపడేది.

“ఏ నరం పిల్లా? ఒంట్ల ఉన్నదంతా నరమేనా? రక్తనాళమా, కండనా, నిజంగ నరమా? ముందుగాల తేల్చు. తేలినంకనే చెయ్యి వెయ్యి.”

ఎలా తేల్చాలో నా ఒంటి మీదే చూపించింది. బల్ల అంచున కూర్చోబెట్టి, వీపు గూనిగా వంచమంది. గడ్డం ఛాతీకి ఆనించమంది. మోకాలు చాపి, పాదం వేళ్లు నా వైపు తిప్పింది. తొడ వెనక సలుపు పుట్టి కేక పెట్టాను. కాలు అలాగే పట్టుకుని, “ఇప్పుడు తల లేపు,” అంది. లేపాను. సలుపు వదిలింది.

“కాలు కదల్లే, తల ఒక్కటే కదిలింది. కండ అయితే తగ్గకపోవు. తలకాయ కాడికెళ్లి కాలివేలు దాంక ఒకటే తాడు. తెల్సిందా?”

తెలిసింది. నా కేక విని బయట బెంచీ మీదివాళ్లు నవ్వుకున్నారు, అదీ తెలిసింది.

క్లినిక్ ఎదురింట్లో పనిచేసే కడపావిడ మా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. కుడి చెయ్యి మెడ నుంచి వేళ్ల దాకా లాగుతోందంది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. డాక్టరు చీటీలో స్ట్రెచింగ్ అని రాశాడు, నేను ఆ చేతిని రోజూ సాగదీశాను. అది చాలక ఆమె ఇంట్లో నీళ్ల బకెట్టు చేత్తో వేలాడదీసి ఇంకాస్త సాగదీసుకునేది. మనవాళ్లకి నరం పట్టేస్తే లాగించుకోవడం అలవాటే కదా. వారం తిరక్కుండా ఆమె చేతిలో గిన్నె నిలవడం మానేసింది.

అప్పుడు ఆమె యజమానురాలు వెంట వచ్చింది. ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానురాలిని ‘మామా’ అంటారు. ఆ మామా కుర్చీలో కూర్చుంటూనే, ఎక్స్‌రే బాగుంది, ఇది కద్దాబా, అబద్ధాలకోరు అంది. నొప్పి నిజమైతే వైద్యం చేయిస్తాను, నాటకమైతే రేపే ఏజెన్సీకి తిప్పి పంపి ఇంకొకర్ని తెచ్చుకుంటాను, ఏదో ఒకటి ఇప్పుడే చెప్పండి అంది. మేనేజర్ పక్కనే ఉన్నాడు. ఎక్స్‌రే నార్మల్ అని రాసిచ్చి పంపేద్దాం, టైమ్ వేస్ట్ అన్నాడు.

“నిజ్జంగా నరం లాగుతాందమ్మా. ఏళ్లంతా తిమ్మిరెక్కుతాండాయి. మా పిల్లోల్ల సదువు ఈ చేతి మీదనే ఉండాది,” అని కడపావిడ నా వంక చూసింది. నేను మేడమ్ వంక చూశాను. మేడమ్ చీటీ చదివి తలెత్తింది.

“గుంజినవా?”

“చీటీలో అలాగే ఉంది మేడమ్.”

“చీటీకి చేతులున్నయా? నీకున్నయి. లంగ నాడ లోపల ఇరుక్కుంటే ఏం జేస్తవ్? గట్టిగ గుంజుతవా? తెగుతది. అటు కొంచెం, ఇటు కొంచెం జరుపుతవు. నరం గట్లనే. గుంజకు, జరుపు.”

అందరి ముందూ అంది. నాడా అంటే మావైపు బొందు. చెంప ఛెళ్లుమన్నట్టే అర్థమైంది. డాక్టరు రాసింది నేను చేశాను, ఆ మాట పక్కకి పిలిచి చెప్పొచ్చు. ఇప్పటికీ అదే అంటాను.

తర్వాత టీ గ్లాసు తెప్పించుకుని చేతులు వెచ్చబెట్టుకుంది. మామా గడియారం చూసుకుంటున్నా ఆవిడకి పట్టలేదు. కడపావిడని పడుకోబెట్టి ముందు బాగున్న ఎడమ చెయ్యి చూసింది. తర్వాత కుడి భుజం పైకి లేవకుండా అదిమి, చెయ్యి పక్కకి చాపి, అరచెయ్యి పైకి తిప్పి, మణికట్టు వెనక్కి వంచి, మోచెయ్యి నెమ్మదిగా తెరుస్తూ వచ్చింది. సగంలోనే కడపావిడ మొహం మారింది. మేడమ్ చెయ్యి అక్కడే ఆపేసింది.

“ఇది నీ నొప్పేనా బిడ్డా, కొత్తదా?”

“నాదేనమ్మా. రోజూ వచ్చేదే.”

“సరే. నీ పిల్లలు ఏం చదువుతున్నరు?” అంటూ నాకు కళ్లతో సైగ చేసింది. ఆమె పిల్లల గురించి చెబుతుండగా నేను ఆమె తలని ఎడమ పక్కకి వంచాను. “అమ్మా!” అంది. మాట మధ్యలో తెగిపోయింది. కుడి పక్కకి, చేతి వైపు వంచాను. “తగ్గిందమ్మా... పెద్దోడు తొమ్మిది సదువుతాండాడు...” అని మళ్లీ అందుకుంది. అటు వంచినప్పుడల్లా మాట తెగింది, ఇటు వంచినప్పుడల్లా కలిసింది. మేడమ్ పట్టుకున్న చెయ్యి మాత్రం కొంచెం కూడా కదల్లేదు.

అప్పుడు మామా వైపు తిరిగి, వచ్చీరాని అరబిక్‌లో హిందీ కలిపి దులిపేసింది. మెడకీ వేలికీ లంకె ఉందని నీకు తెలుసా? తెలీదు. మరి దీనికెలా తెలుస్తుంది? తెలియని నాటకం ఎలా ఆడుతుంది? మామా పెదవి విరిచింది. మేడమ్ ఆమె చెయ్యి కూడా అలాగే చాపించి, తల అవతలికి వంచమంది.

“వల్లా!” అని మామా తన వేళ్లు తనే చూసుకుంది.

బాగున్న చేతికీ చివర్లో కాస్త లాగుతుంది. నీకు చివర్లో లాగింది, దానికి సగంలోనే, తేడా అదే అంది మేడమ్. మామా చెయ్యి దించుకుంది. తర్వాత మెల్లిగా, అయితే ఏం చెయ్యాలి అని అడిగింది. మేడమ్ మేనేజర్‌తో, “లిఖో. దర్ద్ సచ్చా హై,” అంది. నొప్పి నిజమేనని ఆయన రాశాడు.

గుడ్డలు పిండే పని మాన్పించారు. కిటికీ అద్దాలు తుడవడమే వైద్యమయింది. చెయ్యి అద్దం మీద చాచినప్పుడు తల చేతి వైపు వాల్చాలి, చెయ్యి మడిచినప్పుడు తల అవతలికి తీసుకెళ్లాలి. లాగినట్టు అనిపించకముందే ఆగాలి. వచ్చినప్పుడల్లా మేడమ్ మళ్లీ పరీక్ష చేసి, మోచెయ్యి ఎంత తెరుచుకుంటే అంత పని పెంచింది. కడపావిడ ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

మెచ్చుకుంటుందేమో అని నేను చూశాను. “తల జల్ది వంచినవు పిల్లా. మెల్లగ వంచాలె,” అంది, అంతే. మేనేజర్ ఆ తర్వాత చాలాకాలం, చేత్తో చూస్తూ కూర్చుంటే క్లినిక్ నడవదు, అందర్నీ మిషన్ మీద పెట్టండి అని ఆవిడతో గొడవపడ్డాడు. ఆ మనిషి ఇప్పుడు ఆవిడ ఫోటోకి దండ కోసం మనిషిని పంపిస్తున్నాడు.

నాకు ఆవిడ మీద కోపం తగ్గలేదు. ఒక్కసారి బిడ్డా అంటే ఏం పోయేది? కానీ నేను టీ తాగను, నా బల్ల మీద మాత్రం రోజూ టీ గ్లాసు ఉంటుంది. చేతులు వెచ్చబడ్డాక రోగుల్ని తాకుతాను. ఏ చెయ్యి పట్టుకున్నా తేలేదాకా సాగదీయను. ఇది ఆవిడ పెట్టిన భిక్ష. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాకపోయినా నిజం అదే.

మేనేజర్ అడిగిన రెండు మాటలూ కాగితం మీద రాసి ఇచ్చాను. గుంజకు, జరుపు. ఆయనకి తెలుగు రాదు. మంచి మాటలేనా అని అడిగాడు, మంచివేనన్నాను.

ఎదురింటి కడపావిడకి ఇంకా తెలియదు. చెప్పాలని లేచి కిటికీ దాకా వెళ్లాను. అక్కడ ఆమె మేడమీది అద్దం తుడుస్తోంది. పని అయ్యేదాకా ఆగుదామని నిలబడ్డాను. చెయ్యి పైకి వెళ్లింది, తల ఆ చేతి వైపు వాలింది. చెయ్యి వెనక్కి వచ్చింది, తల అవతలికి వెళ్లింది. మెల్లగా, ఆవిడ చెప్పినట్టే, ఎక్కడా గుంజకుండా.