అనంతగిరి ఘాట్‌లో ఆపని ఇంజిన్

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో మా మేనత్త సుగుణమ్మను అనంతగిరి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆమె విజయనగరంలో మిషన్ బడి టీచరుగా రిటైరయింది. ఉండేది బస్టాండు గోడ పక్కనే. తెల్లవారుజాము నుంచీ బస్సులు కదలకుండానే ఇంజిన్లు తిప్పుకుంటూ నిలబడేవి. వంటింటి గిన్నెల మీద మసి, అత్త గుండెల్లో పిల్లికూతలు. డాక్టరుగారు మందులు మార్చి మార్చి, చివరికి పది రోజులు కొండగాలి పీల్చి రమ్మన్నారు. అనంతగిరిలో చర్చివాళ్ల గది ఒకటి దొరికింది.

ఉదయం ఆరున్నరకు బయల్దేరి ఎనిమిదింటికి శృంగవరపుకోటలో దిగాం. ఇడ్లీ తిని తొమ్మిదింటి అరకు బస్సెక్కాం. అనంతగిరికి టిక్కెట్టు మూడు రూపాయల చిల్లర, ప్రయాణం గంటన్నర. వెనక సీట్లే దొరికాయి. మా పక్కన ఒక గిరిజన స్త్రీ, ఒళ్లో అయిదేళ్ల కూతురు. ఆమె పేరు సొంబారి. ఉప్పు, కిరసనాయిలు కొనుక్కుని ఊరికి పోతోందట. బొడ్డవర దాటి ఘాట్ ఎక్కేసరికి సన్నవాన మొదలైంది. అందరూ కిటికీలు మూసేశారు.

ఏడెనిమిది మలుపులు ఎక్కాక బస్సు ఆగిపోయింది. ముందు ఒక కలప లారీ ఇరుసు విరిగి రోడ్డుకు అడ్డంగా ఉంది. దాన్ని పక్కకు లాగడానికి గంటా రెండు గంటలు పడుతుందన్నారు. మా డ్రైవరు ఇంజిన్ ఆపలేదు. వెనక సీటు కింద తుప్పుపట్టిన రేకు కన్నంలోంచి పొగ లోపలికి వస్తూనే ఉంది. నాకు తల దిమ్మెక్కింది. ఇద్దరు ముగ్గురు కిటికీ తెరిచి వాంతి చేసుకుని మళ్లీ మూసేశారు. ఘాట్ మలుపులు తిప్పినందుకే అనుకున్నాం. అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ముప్పావుగంట గడిచాక అత్తే గమనించింది. సొంబారి ఒళ్లో పిల్ల తల వేలాడేసింది. నిద్రపోతోందనుకుంది తల్లి. అత్త పిల్ల చెంపలు తట్టింది, భుజం కుదిపింది. కళ్లు తెరవలేదు. నేను పిల్లను భుజాన వేసుకుని దిగి, బస్సు ముందువైపు పొగ తగలనంత దూరం పరుగెత్తాను. సొంబారి నా వెనకే వచ్చింది.

అత్త డ్రైవరు దగ్గర ఆగి ఇంజిన్ ఆపమంది. అతను చెడ్డవాడేం కాదు. పొద్దున్నుంచీ అతనూ దగ్గుతూనే ఉన్నాడు.

"ఆపితే మరి లెగదమ్మా. బేటరీ సచ్చిపోయింది. ఈ వానలో అందరూ ఇక్కడే ఉండిపోవాల," అన్నాడు.

ముప్పయ్యేళ్లు పిల్లలకు పుస్తకభాష నేర్పిన అత్త నోట అప్పుడు పుట్టింటి మాట వచ్చింది. "బండి లెగకపోతే అందరం తోత్తాం బాబూ. ఆ పిల్లగుంట లెగకపోతే ఏటి సేత్తావు?"

అతను ఇంజిన్ ఆపాడు. లోయలో వాన చప్పుడు అప్పుడు వినిపించింది.

పిల్ల కళ్లు తెరవడానికి పావుగంట పట్టింది. ముందు కక్కింది, తర్వాత ఏడ్చింది. సొంబారి కూతుర్ని అందుకుని తడి రోడ్డు మీదే కూలబడింది.

లారీ కదిలేసరికి పన్నెండయింది. అందరం దిగాం. ఎగువకు తోయడం మనుషుల వల్ల కాదు. డ్రైవరు బస్సును పల్లానికి వెనక్కి వదిలి గేరు వేశాడు. లోయ వైపు చూడలేక నేను తల తిప్పుకున్నాను. రెండోసారికి ఇంజిన్ అందుకుంది. కండక్టరు మమ్మల్ని ముందు సీట్లలో కూర్చోబెట్టాడు. అనంతగిరికి ముందే ఒక మలుపు దగ్గర సొంబారి దిగింది. పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని నడిచింది.

మేం చేరేసరికి ఒంటిగంటన్నర. అత్తకు ఊపిరి అందలేదు. రెండు మాత్రలు వేసుకుని సాయంత్రం వరకు గోడకు ఆనుకునే ఉంది. పది రోజుల్లో నాలుగు రోజులు మంచం దిగలేదు.

తర్వాత మళ్లీ ఆ బస్టాండు పక్క ఇంటికే వెళ్లాం. వేరే ఇల్లు లేదు. అత్త ఇంకో ఆరేళ్లు బతికింది, దగ్గుతూనే. ఆ రోజుల్లో ఇంజిన్ ఆగకుండా మోగుతుంటే బండి బాగుందని ధైర్యపడేవాళ్లం. ఆ పొగ ఎవరి ఊపిరిలోకి పోతోందో చూసేవాళ్లు లేరు. నేనూ చూడలేదు. నిండా జనం ఉన్న బస్సులో ఆ పిల్ల తల వేలాడటం ఆయాసం మనిషి ఒక్కర్తికే కనిపించింది.

ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఘాట్‌లో బండి ఆగితే ఇంజిన్ ఆపమని అడగండి. ఆపకపోతే పిల్లల్ని, ముసలివాళ్లని దించి బండికి ముందువైపు, దూరంగా నిలబెట్టండి. వానకు తడిస్తే తుడుచుకోవచ్చు.