పన్నెండో రేకు

పోయే ముందు రోజు ఉదయం పిన్ని ఒక రాగి రేకును కుళాయి కింద కడిగి, తువ్వాలు ముక్కతో తుడిచి, గోడకు బోర్లా ఆనించింది. పాడైన వాటిలో అది ఏడోది.

ముప్పై ఏళ్లు ఆమె తలుపులకు బిగించే పేర్ల పలకలు చెక్కింది. సొంతానికి చేసుకున్నది ఒక్కటే. రెండు వందల ఏళ్ల కిందటి పరాయి భాష పాటలు పన్నెండు, అన్నీ కలిపి ఒకే కథ: రేవులో దీపం పెట్టుకుని, తిరిగి రాని పిల్ల కోసం కూర్చున్న పడవవాడు. పాటకొక బొమ్మ, రాగి రేకు మీంచి కాగితం మీదికి అచ్చు తీసేది. రేకుకు మైనం పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో దించేది. గీసిన చోటల్లా యాసిడ్ రాగిని తింటుంది. ఎక్కువసేపు ఉంటే గీత లావెక్కుతుంది. రేకును ఉంచేది ఆ పాట ఎంతసేపుంటే అంతసేపు. గ్రామఫోను మీద పాట ఆగగానే రేకు పైకి రావాలి.

“నా మాట ఒక్కరోజైనా ఇంత శ్రద్ధగా విందా?” అనేవాడు బాబాయి.

“నువ్వూ నాలుగు నిమిషాల్లో ఆపు, వింటాను,” అనేది.

పదకొండు బొమ్మలు ఆరేళ్లలో అయ్యాయి. చివరి పాటలో పడవవాడు దీపం ఆర్పేస్తాడు. అవతలి ఒడ్డు వెంట్రుకంత సన్నటి గీతగా కనబడాలి. ఆ ఏడాదే ఆమెకు జబ్బు చేసింది, ఇక కొన్ని నెలలే అన్నాడు డాక్టరు. యాసిడ్ ఆవిరి పడకపోవడంతో రేకు ఎత్తే పని నాకిచ్చింది. ఎత్తిన ప్రతిసారీ సన్నగీతలు లావెక్కి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అచ్చులో ఒడ్డంతా నల్లటి మరకయ్యేది. యాసిడ్ మార్చాం. మైనం మార్చాం. గడియారం చూద్దాం పిన్నీ అంటే, గడియారానికేం తెలుసే అంది. పాడేవాడి గొంతు ఈ మధ్య బరువెక్కిందని కూడా అంది. మందుల మత్తనుకుని తలూపాను.

ఏడో రేకు కడిగిన ఆ సాయంత్రం మంచం మీంచి అడిగింది. “నువ్వు ఆలస్యంగా ఎత్తట్లేదు కదా?”

“లేదు పిన్నీ. పాట ఆగగానే ఎత్తుతున్నా.”

“అయితే తప్పు నా గీతలోనే ఉంది,” అని గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు పోయింది.

నెల తర్వాత బాబాయి గ్రామఫోను ఎవరికో ఇచ్చేద్దామంటే, ముందు బాగు చేయించాలని దుకాణానికి తీసుకెళ్లాను. మెకానిక్ రికార్డు తిరిగే పళ్లెం ఎత్తి లోపలి రబ్బరు పట్టీని వేలితో లాగి చూపించాడు. అది సాగిపోయి ఏడాది దాటుంటుందట. పళ్లెం నెమ్మదిగా తిరిగి, నిమిషం పాటకు పది సెకన్లు ఎక్కువ తీసుకుంటోందట.