పక్కింటి పెద్దమ్మ ఎవరి మనిషి

ముందుగా నా రాతకు క్షమించండి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తులు ఒకచోట పడాల్సినవి ఇంకోచోట పడతాయి, అక్షరాలు కోడి గీరినట్టు ఉంటాయి. మా పక్కింటి పెద్దమ్మ పోయిన శుక్రవారం తెల్లవారుజామున చనిపోయింది. ఆమెను ఎరిగినవాళ్ళంతా తలా ఒక కాగితం రాసిస్తే కుట్టి ఆ ఇంట్లో ఉంచుతామని, వచ్చిపోయేవాళ్ళు చదువుకుంటారని చెప్పారు. అందరూ మంచి మాటలే రాసి ఉంటారు. నేనూ అవే రాయాలని కూర్చున్నాను. కానీ ఆమెను తలచుకుంటే ఏడుపుకంటే ముందు అసూయ వస్తోంది. అది రాయకుండా మిగతాది రాయడం నాకు చేతకాదు.

ఆ తెల్లవారి నేను పాలు కాస్తుంటే గోడ అవతల నుంచి ఒక అవ్వ పిలిచింది. "ఏమ్మే, పెద్దమ్మ లెయ్యలేదే. మేమంతా పిలిచి సూసినాం. లెయ్యలేదు." అంతా అంటే ఆ ఇంట్లో ఉండే ముసలివాళ్ళంతా. అందరికీ తెలిశాక, గోడకు ఇవతల ఉన్న నాకు చివర్న తెలిసింది. పరుగెత్తిపోయి చూస్తే ఆమె మంచం చుట్టూ వాళ్ళే ఉన్నారు. నిలబడగలిగినవాళ్ళు నిలబడి, లేనివాళ్ళు కుర్చీల్లో. నాకు ఆమె ముఖం కనబడటానికి సందు లేదు.

పెళ్ళయి నేను పాకాల అవతల పల్లె నుంచి తిరుపతికి వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఉండేది. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి మానుకున్న మనిషి. పిల్లల్లేరు, భర్త ఎప్పుడో పోయాడు. మా ఆయన కొండకు జీపు తోలతాడు. చీకటితో పోతే మళ్ళీ చీకటి పడ్డాకే ఇంటికి రావడం. నాకు కొత్తవాళ్ళతో నోరు పెగలదు. కూరగాయల బండివాడు ధర చెబితే తలూపి వచ్చేసేదాన్ని. ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఆరేస్తుంటే ఆమె గోడ మీద మోచేతులు పెట్టి అడిగింది.

"ఏమ్మే పిల్లా, నీకు నోరుండాదా? లేకపోతే మీ అమ్మోళ్ళు దాన్ని పుట్టింట్లోనే పెట్టుకోని నిన్ను మాత్రం పంపించినారా?"

నవ్వొచ్చింది. ఈ వీధిలో నేను పైకి నవ్వడం అదే మొదలు.

అప్పటినుంచి మధ్యాహ్నాలు మావి. ఆమె గుంతపొంగణాలు పోసేది, మొదటి వాయి నా పళ్ళెంలో వేసేది. నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి, తాను పై మెట్టు మీద కూర్చుని జడ అల్లి కనకాంబరాలు పెట్టేది. మా అమ్మ కూడా నాకు అంత ఓపికగా అల్లలేదు, ఆమెకు నా తర్వాత ఇంకా ముగ్గురి తలలున్నాయి. పెద్దమ్మకు నేనొక్కదాన్నే. నేను పల్లె సంగతులు చెబుతుంటే ఆమె "ఊ, ఆమీట ఏమైనాది?" అంటూ వినేది. నా మాట కోసం ఒక మనిషి ఎదురుచూడటం అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత కాళహస్తి అవ్వ వచ్చింది. ఆటోలో పరుపు వేసి పడుకోబెట్టి తెచ్చారు. తుంటి విరిగి మంచాన పడిన మనిషి, చూపు కూడా సరిగా ఆనదు. ఒకప్పుడు గుడ్డల మీద కలంకారీ బొమ్మలు వేసేదట. పెద్దమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పటి పరిచయం. ఎత్తి కూర్చోబెట్టే దిక్కు లేక పుండ్లు పడుతున్నాయని విని పెద్దమ్మే పిలిపించింది. ఆమె వెనుక ఇంకొకరు, ఆ వెనుక మరొకరు. తిండికి లేనివాళ్ళు కాదు వాళ్ళు. లేచి కూర్చోవడానికి, స్నానానికి, మందు మింగడానికి ఒక చెయ్యి కావాల్సినవాళ్ళు.

"అంతమందిని ఎట్ల ఎత్తుతావు పెద్దమ్మా, నీ నడుం విరగదా?" అని అడిగాను, మానుకుంటుందేమోనని.

"ముసిలోళ్ళు బరువు కాదే. పట్టుకునేది తెలీనోళ్ళకే బరువు" అంది.

మొదటి వాయి పొంగణాలు కాళహస్తి అవ్వకు పోవడం మొదలయింది. మెత్తగా ఉన్నప్పుడే ఆమె నమలగలదట. ఒకరోజు నా జడ సగం అల్లుతుండగా లోపల అవ్వ మూలిగింది. "ఇప్పుడే వస్తా, కదలొద్దు" అని పోయింది. నేను కదలలేదు. నీళ్ళు పోయడం, పక్క మార్చడం, అవ్వకు నిద్ర పట్టేదాకా మాట్లాడటం, అన్నీ నాకు వినబడుతూనే ఉన్నాయి. నన్ను మరిచిపోయింది. ఆ సగం జడను నేను అల్లుకోలేదు, విప్పుకోలేదు. సాయంత్రం మా ఆయన వచ్చి "ఏందిమే ఇది, సగం జడ? ఎవురితోనన్నా కొట్లాడినావా?" అన్నాడు. మర్నాడు పెద్దమ్మ చూసి, ఏమీ అడగకుండా మిగతా సగం అల్లింది. కానీ ఆ సగంలో పూలు లేవు. అవి అవ్వ తలలో ఉన్నాయి.

ఆ ఇంటి వెనుక ఖాళీ జాగాలో ఒక హాలు కట్టి, చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలుగా బాట వేసి, ఇంకొందరిని పెట్టుకోవాలని పెద్దమ్మ మున్సిపాలిటీలో అడిగింది. గొడవ అక్కడ మొదలయింది. మా వీధి కాపురాల ఇండ్లకు మాత్రమే అని పటంలో ఉందట. ఆసుపత్రి, లాడ్జి లాంటివి పెట్టకూడదు. అభ్యంతరాలుంటే చెప్పమని గోడకు నోటీసు అంటించారు. మొదట వచ్చింది మేడింటి పెద్దాయన. వీధిలో మంచిచెడ్డా ఆయనే చూస్తాడు.

"అమ్మా, నువ్వు మంచిదానివే. కాదనను. అయితే ఇది సంసారులుండే వీధి. నువ్వు పోయే కాలం వచ్చినోళ్ళని తెచ్చి పెడితే నెలకొక పాడె లేస్తాది. శవం లేసేదాకా వీధిలో ఒగ పొయ్యి రగలదు. మా పిల్లోళ్ళు పస్తులుండాల్నా?"

"మీ ఇంట్లో ఎవురూ చావరా అప్పా? పైనుంచి చీటీ రాయించుకోని వచ్చినారా?" అంది పెద్దమ్మ.

"ఎగతాళి వద్దు. అందురూ సంతకాలు పెడతా ఉండారు."

"పెట్టనీ. నేను గూడా ఎవురికైనా సూది వేసేముందు వద్దు వద్దనే వాళ్ళనే సూసినా."

మా ఆయన కూడా సంతకం పెట్టాడు. అంబులెన్సులు వచ్చి నిలబడితే జీపు పెట్టడానికి చోటుండదని ఆయన బాధ. నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే తలూపేదాన్ని. వాళ్ళు పోతే మధ్యాహ్నాలు మళ్ళీ నావి అవుతాయి కదా.

ఒక ఆఫీసరు వచ్చి ఇల్లంతా తిరిగి చూశాడు. వీళ్ళు ఇక్కడే స్థిరంగా ఉండే మనుషులైతే ఇది ఇల్లే, చికిత్సకు వచ్చిపోయేవాళ్ళైతే ఆసుపత్రి, అప్పుడు అనుమతి ఉండదు అన్నాడు. గంగజాతర అయిపోయాక వీధివాళ్ళందరినీ పిలిచి అడిగి తేలుస్తానని, కాదంటే ఉన్నవాళ్ళను కూడా ఖాళీ చేయించాల్సి వస్తుందని చెప్పి పోయాడు. ఆ మాటతో పెద్దమ్మ ముఖం నల్లబడింది. కాళహస్తి అవ్వను మళ్ళీ ఎవరు ఎత్తుతారు?

జాతర సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. జాతరకు ముందు ఒక రాత్రి ఊరి పొలిమేరల్లో చాటింపు వేస్తారు. ఆ తర్వాత జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటి బయట నిద్ర చేయకూడదు. బయటివాళ్ళు చాటింపుకు ముందే ఊరు వదిలి పోవాలి. పెద్దాయన ఆ వంక పట్టుకున్నాడు. "ఈళ్ళంతా బయటోళ్ళు. చాటింపు లోపల పంపించెయ్యి" అన్నాడు.

"అట్లే అప్పా. ఎండ తగ్గనీ" అంది పెద్దమ్మ.

పెద్దాయనకు ఏటా ఆడవేషం వేసే మొక్కు ఉంది. చీర, సవరం, గాజులు సర్దుకునే పనిలో పడి ఆయన మళ్ళీ అడగలేదు. ఆయన చూసుకుంటాడులే అని మిగతావాళ్ళు ఊరుకున్నారు. ఆ రాత్రి చాటింపు పడింది. తెల్లవారి చూస్తే పెద్దమ్మ వాకిట్లో ఒక వ్యాను నిలబడి ఉంది. పెద్దమ్మ వీధంతా వినబడేట్టు కేకేసింది.

"పెద్దప్పా! బండి వచ్చినాది. నువ్వు చెప్పినట్టే పంపించేస్తా ఉండా. అవ్వను పట్టుకుందువు రా!"

పెద్దాయన పళ్ళు తోముకుంటూనే పరుగెత్తి వచ్చాడు. "నీకు మతి ఉండాదా? చాటింపు పడినాక పొలిమేర దాటిస్తావా? ఊరికి ఏమన్నా అయితే ఎవురు జవాబు?"

"బయటోళ్ళే కదప్పా."

"చాటింపప్పుడు లోపలుండినోళ్ళు ఊరోళ్ళే! నీకు చెప్పాల్నా ఇది? బండి పంపించెయ్యి, గమ్మున!"

వీధి అంతా విన్నది. వ్యాను వెనక్కి పోయింది. పెద్దమ్మ నవ్వలేదు. లోపలికి పోయి అవ్వలకు కాఫీ కలిపింది.

జాతరలో వేషం వేసినవాళ్ళు మా వీధిలో ఒక్క వాకిలిని కూడా వదిలిపోకూడదు. ఇంటింటా పసుపునీళ్ళతో వాళ్ళ కాళ్ళు కడిగి అంబలి ఇస్తారు. పెద్దాయన ఎర్రచీర, పెద్ద కొప్పు, చేతిలో వేపమండలతో వచ్చాడు. మా ఇల్లయ్యాక పెద్దమ్మ వాకిట్లో ఆగక తప్పలేదు. కాళహస్తి అవ్వను వసారాలో కుర్చీలో కూర్చోబెట్టి ఉన్నారు. చెంబు ఆమె చేతికిచ్చి, ఆ చేతిని పట్టుకుని పెద్దమ్మ నీళ్ళు పోయించింది. అవ్వ, వంగిన పెద్దాయన ముఖాన్ని తడిమి అడిగింది.

"ఎవురి కోడలివమ్మా నువ్వు? చెంపలింత గరుగ్గా ఉండాయే!"

వీధి వీధంతా పగలబడి నవ్వింది. "గంగమ్మ వేషం అవ్వా" అన్నాడు పెద్దాయన చిన్న గొంతుతో.

"కొప్పు జారతా ఉండాది. ఇట్ల రా, పిన్ను పెడతా" అంది అవ్వ. ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె చూపు లేని వేళ్ళతో కొప్పు సర్దేదాకా లేవలేదు. అంబలి తాగి, గిన్నె కింద పెట్టి, ఆమెకు దండం పెట్టి పోయాడు. అందరూ నవ్వుతుంటే పెద్దమ్మ ఆ అవ్వ భుజం మీద చెయ్యి వేసి, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతోంది. అంతగా నవ్వించడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

జాతర అయ్యాక ఆఫీసరు వచ్చి వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సంతకాల కాగితం చూసి, మొదటి పేరు పెద్దాయనదే కాబట్టి ఆయన్నే అడిగాడు. "చెప్పండి, వీళ్ళు వచ్చిపోయేవాళ్ళా, ఇక్కడివాళ్ళా?"

పెద్దాయన చాలాసేపు తువ్వాలు మడత పెట్టాడు. వెనకనుంచి ఎవరో "చెప్పప్పా" అని పొడిచారు. నేను గోడకు ఆనుకుని, వచ్చిపోయేవాళ్ళని చెప్పు, చెప్పు అని లోపల లోపలే అనుకున్నాను.

"ఈడోళ్ళే సారూ" అన్నాడు. "గంగమ్మ ముందర ఒగ మాట, మీ ముందర ఒగ మాట చెప్పలేను. నా సంతకం కొట్టేయండి."

అనుమతి వచ్చింది. బండ్లు వీధి మొదట్లోనే ఆపాలని ఒక షరతు పెట్టారు, మా ఆయన జీపుకు చోటు దొరికింది. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని లోపలికి పోయి మొదట కాళహస్తి అవ్వను కావలించుకుంది. నా వంతు రాలేదు. సరేలే అని ఇంటికొచ్చి అన్నం వండాను, ఉప్పు వేయడం మరిచిపోయాను.

తర్వాత కొన్నేళ్ళు హాలు నిండా మనుషులే. పెద్దమ్మ నన్ను మరవలేదు. నా కాన్పుకు ఆమే నిలబడింది, నా బిడ్డకు మొదటి నీళ్ళు ఆమే పోసింది. అయినా ఆమెతో ఒక్కదాన్నే కూర్చున్న మధ్యాహ్నం మళ్ళీ ఒక్కటీ లేదు. "ఏమే, అలిగినావా?" అనేది అప్పుడప్పుడు. "అలిగేదానికి నువ్వు నాకేమవుతావు?" అనేదాన్ని. "అదీ నిజమే" అని నవ్వేది.

శుక్రవారం ఆమె నోట్లో బియ్యం వేసే వేళకు, దగ్గరివాళ్ళు ముందుకు రావాలన్నారు. నేను అడుగు వేసేలోపల కుర్చీలన్నీ కదిలాయి. ఒకరి వెనుక ఒకరు, వణికే వేళ్ళతో, సగం కింద పోసుకుంటూ. పెద్దాయన కూడా అడ్డం చెప్పకుండా పక్కకు జరిగాడు. నా వంతు వచ్చేసరికి పళ్ళెంలో చిటికెడు మిగిలాయి.

ఆ సాయంత్రం కాళహస్తి అవ్వను పక్కకు తిప్పేవాళ్ళు లేరు. ఆ ఇంట్లో పని చేసే ఆడమనిషి ఏడుస్తూ పడుకుంది. నేను పోయాను. వీపు కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి పెట్టి తిప్పాను, బరువు అనిపించలేదు. అవ్వ నా వేళ్ళు పట్టుకుని తడిమి చూసింది.

"నువ్వు పక్కింటి పిల్లవి కదా? నీ చేతులు సల్లగా ఉండాయమ్మే. ఆయమ్మవి ఎచ్చగా ఉండేవి."

చచ్చిపోయిన మనిషి మీద కూడా నాకు కడుపు మండింది. అవ్వ మీద కాదు, పెద్దమ్మ మీదే. అయినా మర్నాడు పోయాను, ఆ మర్నాడూ పోయాను. రోజూ అదే మాట అంటోంది.

చదివినవాళ్ళు ఈ కాగితాన్ని ఆ పుస్తకంలో కుట్టొద్దు, పొయ్యిలో వేసేయండి. మంచి మాటలు మిగతావాళ్ళు రాస్తారు. ఇప్పుడు గోడ అవతల అవ్వ పిలుస్తోంది. పొయ్యి సెగకు అరచేతులు కాచుకుని, వేడి పోకుండా కొంగులో చుట్టుకుని పోతున్నాను.